ఎర్రబండ వంతు

కుళ్లాయప్పకు కావలసింది ఒక్కటే. తన తప్పేమిటో తాత నోటితో చెప్పాలి. లేదంటే తప్పు లేదని చెప్పాలి. రెండింట్లో ఏది చెప్పినా తనకు మళ్లీ నిద్ర పడుతుందని అతని ఆశ.

తాత అంటే హొన్నూరు తాత. జిల్లేళ్లవంక అనే వాగు పక్కన గుట్ట మీద ఒక పాత తకియా ఉంది, ఫకీర్లు ఉండే చోటు. రాతిగోడలు, రేకుల కప్పు, ఒక పొయ్యి, పేరు తెలియని ఎవరిదో ఒక సమాధి. తాత అక్కడికి ఎప్పుడొచ్చాడని అడిగితే సమాధి వైపు చూపిస్తాడు. "ఆయన్నడుగు. నాకంటే ముందొచ్చినాడు" అంటాడు.

ఆ తకియాకు ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. వరస. ముందొచ్చినవాడు ముందు మాట్లాడతాడు, తర్వాత వచ్చినవాడు గోడ వెంబడి కూర్చుంటాడు. ఒకసారి ఒక పెద్ద కాంట్రాక్టరు జీపు దిగి, నేరుగా తాత ముందుకు వచ్చాడు. తాత అతని వెనక ఉన్న, మేకలు కాసే అమ్మిని చూస్తూ, "ఈయప్ప తర్వాత నువ్వు కాదమ్మా, నీ తర్వాత ఈయప్ప" అన్నాడు. కాంట్రాక్టరు మేకల పక్కనే కూర్చున్నాడు. మేకలకు అతని చొక్కా నచ్చింది.

వరస చూసే పని శిష్యుడు కుళ్లాయప్పది. ఆ పనికి అతన్ని మించినవాడు లేడు. చెవిలో పడిన మాట అతని తలలోంచి బయటికి పోదు. ఎవరి తర్వాత ఎవరొచ్చారో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, మొదటినుంచి చివరిదాకా తత్త్వం పాడినట్టు అప్పజెబుతాడు. అడక్కపోయినా అప్పజెబుతాడు. అదొక్కటే ఇబ్బంది.

అందుకే వైర్‌లెస్ సెట్లు వచ్చినప్పుడు తకియా సెట్టు అతని చేతికే వచ్చింది.

ఆ లోయలో ఫోన్లు పలకవు. వంకకు ఎగువన మిట్టకొట్టాల, దిగువన రేవుపల్లె. మధ్యలో గుట్ట. ఎగువన వాన పడితే దిగువన ఎండ కాస్తుంటుంది. ఆ ఎండలోనే నీళ్లు వచ్చి వంకను దాటే రోడ్డు మీది చప్టాను ముంచేస్తాయి. ఎవరో సహాయ సంఘం వాళ్లు వచ్చి మూడు చోట్లా మూడు సెట్లు ఇచ్చారు. ఎగువ మాట దిగువకు నేరుగా పోదు, గుట్ట అడ్డం. గుట్ట మీది కుళ్లాయప్ప విని, కిందికి చెప్పాలి. కింది నుంచి "విన్నా" అని వచ్చేదాకా ఇంకో మాట ఎత్తకూడదు. అందరికీ గాలిలో ఉన్నది ఒకటే దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఉండదు, గరగర తప్ప.

మిట్టకొట్టాల దగ్గర ఓబులేసు వంకలోని మూడు బండలకు రంగు పూశాడు. తెల్లబండ మునిగితే నీళ్లు కదిలినట్టు. పసుపుబండ మునిగితే బండ్లను చూసి చూసి వదలాలి. ఎర్రబండ మునిగితే చప్టాకు గొలుసు కట్టేయాలి. రేవుపల్లెలో ఆ గొలుసు దగ్గర ఉండేది మునెమ్మ. మాట విన్నప్పుడల్లా ఆమె జవాబు ఒకటే. "విన్నా కుళ్లాయన్నా. ఇంకా ఏమన్నా గుర్తుండాయా?"

సెట్లు వచ్చింది నీళ్ల కోసం. కానీ జనం నీళ్ల గురించి ఎంతసేపు మాట్లాడతారు? పెళ్లి కబుర్లు, పాలిచ్చే ఎనుముల కబుర్లు, అల్లుళ్ల కబుర్లు, అన్నీ ఆ దారినే వచ్చాయి. కుళ్లాయప్ప అన్నిటినీ వరసలో పెట్టుకుని, వరసలో కిందికి దించాడు. ఒక్క మాట తప్పిపోలేదు. ఆ సంగతి కూడా అతను అడక్కుండానే చెప్పేవాడు.

ఆ మధ్యాహ్నం ఎగువన కుండపోత. రేవుపల్లెలో ఎండ.

ముందు ఓబులేసు తెల్లబండ మునిగిందన్నాడు. తర్వాత మిట్టకొట్టాల పెళ్లివాళ్లకు అల్లం కావాలన్నారు. పసుపుబండ మునిగిందని వచ్చింది. ఎవరిదో ఎనుము తప్పిపోయింది, దిగువకు వస్తే కట్టేయమన్నారు. మిట్టకొట్టాలలో ఉండే తాత చెల్లెలు మాబున్ని, తకియాకు కొత్తజొన్నలు పంపుతున్నానని, రేవుపల్లె మరలో పిండి పట్టించి ఉంచమని చెప్పింది. ఏటా తకియా రొట్టెలకు జొన్నలు ఆమె చేనివే. అంతలోనే ఓబులేసు గొంతు. "ఎర్రబండ మునిగిపాయె."

కుళ్లాయప్ప అప్పటికి అల్లం దగ్గర ఉన్నాడు. కింద ఎవరో పెళ్లివారి మనిషి మునెమ్మ పక్కన చేరి, అల్లం ఎంత కావాలో కనుక్కోమన్నాడు. పచ్చిదా, ఎండినదా అని కూడా అడిగించాడు. అది తేలాక కుళ్లాయప్ప పసుపుబండ చెప్పాడు.

"విన్నా కుళ్లాయన్నా. చూసి వదుల్తా."

ఎర్రబండ అప్పటికే అతని తలలో ఉంది. దాని ముందు ఎనుము ఉంది, జొన్నలు ఉన్నాయి. రెండు మాటలే కదా అనుకున్నాడు. వరస తప్పించి మాట్లాడటం అతనికి చేతకాదు. మధ్యలోంచి ఒక చరణం లాగమంటే తత్త్వం పాడేవాడు ఎలా తడబడతాడో, అలా. ఎనుము చెప్పాడు. దానికి కొమ్ములెట్ల ఉంటాయని అడిగారు. చెప్పాడు. జొన్నలు చెప్పాడు. జల్లించి పట్టించాలా, అట్లే పట్టించాలా అని అడిగారు. చెప్పాడు.

ఎర్రబండ చెప్పినప్పుడు "విన్నా" రాలేదు.

అప్పటికే చప్టా దగ్గరికి ఒక ఆటో వచ్చింది. అది మునెమ్మ తమ్ముడు రంగస్వామిది. శనక్కాయలు పీకి వస్తున్న ఆడకూలీలను ఎక్కించుకుని వచ్చాడు. పసుపుబండే కదా అని ఆమె చూసింది. చప్టా మీద నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. చెయ్యి ఊపి తనే పంపింది. నీళ్లు మలుపు తిరిగి వచ్చేసరికి ఆటో చప్టా మధ్యలో ఉంది.

ఆటో దొరికింది. అందులో వాళ్లను ఒక్కొక్కరినే, ఒక్కొక్క చోట వెతుక్కోవలసి వచ్చింది. రంగస్వామి అందరికన్నా ఆఖర్న దొరికాడు.

విచారణకు వచ్చిన అధికారి మూడు సెట్ల దగ్గరా మనుషులను అడిగాడు. ఎగువన చెప్పిన ప్రతి మాటా దిగువకు చేరిందని తేలింది. కుళ్లాయప్ప భుజం తట్టి, "నీ తప్పేం లేదప్పా. ఒక్క మాట కూడా పోనియ్యలేదు నువ్వు" అన్నాడు.

అది విన్నప్పటినుంచే అతనికి నిద్ర లేదు.

మునెమ్మ గొలుసు దగ్గరికి మళ్లీ వచ్చింది. సెట్టులో ఏ మాట చెప్పినా ఇప్పుడు ఆమె జవాబు పొట్టిదైంది.

"విన్నా."

అంతే. అన్నా అన్న పిలుపు లేదు, ఇంకా ఏమన్నా గుర్తుండాయా అన్న ఎగతాళీ లేదు.

కుళ్లాయప్ప తాత ముందు కూర్చున్నాడు. ఆ రోజు గోడ వెంబడి ఎవరూ లేరు. అయినా తన వంతు వచ్చిందా అన్నట్టు ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"తాతా, నేను వచ్చిన మాటను వచ్చినట్టే పంపినా. ముందొచ్చింది ముందు. అది నువ్వు నేర్పిందే. కాంట్రాక్టరును మేకల పక్కన కూర్చోబెట్టింది నువ్వే. నా తప్పేందో చెప్పు. లేకుంటే లేదని చెప్పు."

తాత లేచి రొట్టెలు చేయడానికి పోయాడు.

జొన్నరొట్టె పెనం మీద పొంగింది. తాత దాన్ని తీసి బుట్టలో పెట్టాడు. బుట్ట అడుగున ఉన్న నిన్నటి రొట్టెను తీసి కుళ్లాయప్ప ముందు పెట్టాడు. అది అంచులు వంకరపోయి, ఎండిన తోలులా ఉంది. తకియాలో అన్నం పారెయ్యరు. కుళ్లాయప్ప నీళ్లలో ముంచుకుని తిన్నాడు.

మర్నాడూ అంతే. పొయ్యి మీద కొత్తరొట్టె పొంగింది, బుట్టలోకి పోయింది. బుట్టలోంచి దాని ముందటి రోజుది ఇతని ముందుకు వచ్చింది. తాత తన ముందూ అలాంటిదే పెట్టుకున్నాడు. ఆయనకు పళ్లు లేవు. చప్పరిస్తూ తిన్నాడు.

ఆ తర్వాతా అంతే. తకియా అంతా వేడిరొట్టె వాసన. తినేది మాత్రం ఎప్పుడూ గట్టిరొట్టె. కుళ్లాయప్ప దవడలు నొప్పెట్టాయి. ఇది శిక్షేమో అనుకుని కొన్నాళ్లు ఊరుకున్నాడు. శిక్ష పడితే మంచిదే అనుకున్నాడు కూడా. కానీ ఆకలి ఆకలే కదా.

"తాతా, ఈ పూటది ఈ పూటే పెట్టొచ్చు కదా."

"దాని వంతు రాల్యా" అన్నాడు తాత.

"ఎప్పుడొస్తాది?"

"గట్టిపడినాక."

కుళ్లాయప్ప నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. చేతిలో రొట్టెముక్క అలాగే ఉంది. అతను దాన్ని నోట్లో పెట్టుకోలేదు, కింద పెట్టలేదు.

తాత అతని ముందున్న రొట్టె తీసుకున్నాడు. చేతిలో ఉన్న ముక్కనూ తీసుకున్నాడు. బుట్ట అడుగున మిగిలినవీ తీసి, బయటికి పోయి, గుట్ట కిందికి విసిరేశాడు. తకియాలో అన్నం పారెయ్యడం కుళ్లాయప్ప అంతకుముందు చూడలేదు. కాకులు కూడా కాసేపు నమ్మలేదు.

తాత లోపలికి వచ్చి పెనం మీది రొట్టెను అతని ముందు పెట్టాడు.

ఆ సాయంత్రం కుళ్లాయప్ప రెండు ఊళ్లకూ చెప్పాడు. ఇకనుంచి అర్జెంటు మాట ముందు. మిగతావి ఆగుతాయి.

మర్నాటికి లోయలో అర్జెంటు కాని మాట ఒక్కటి కూడా లేకుండా పోయింది. అల్లం అర్జెంటు. అల్లుడు అర్జెంటు. ఒకాయన "అర్జెంటేం లేదు గానీ అర్జెంటుగా చెప్పు" అన్నాడు. పైవాళ్లూ కిందివాళ్లూ ఒకేసారి మీట నొక్కేవాళ్లు. సెట్టులో గరగర తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఆ గరగరలో ఓబులేసు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?

"అందరిదీ అర్జెంటే అంటాండారు తాతా. ఎవరి మాట నమ్మేది?"

తాత పిండి జల్లిస్తున్నాడు. "వాళ్లనెందుకు అడగడం? మాటనడుగు."

"మాటనేమని అడిగేది?"

"సాయంత్రానికి బతికుంటావా అని."

కుళ్లాయప్ప ఆ రోజంతా సెట్టు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి మాటనూ లోపల్లోపల అదే అడిగాడు. అల్లం బతికుంటానంది. ఎనుము కూడా. అల్లుడి మాట ఏడాదైనా బతికే రకం. ఒక్కదానికే సాయంత్రం దాకా ఆగే ఓపిక లేదు, అది బండల మాట. ఓబులేసు ఎప్పుడు నోరు తెరిచినా మిగతావాళ్లు మీట వదిలేయాలని చెప్పాడు. పసుపుబండ వస్తే తెల్లబండను తలలోంచి తీసి పారేశాడు. అది అతనికి అన్నిటికంటే కష్టమైన పని. విన్నదాన్ని పోగొట్టుకోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. మొదట్లో నాలుక కొసదాకా వచ్చిన పాతమాటను పళ్ల మధ్య పట్టి ఆపేవాడు.

అల్లం ఆగినందుకు ఎవరికీ ఏమీ కాలేదు. కొందరికి కోపం వచ్చింది. ఈ కుళ్లాయప్పకు పొగరెక్కింది అన్నారు. వాళ్లూ మంచివాళ్లే, కాస్త అల్లం ఎక్కువ వాడతారంతే.

మళ్లీ వాన వచ్చింది. ఈసారి పొద్దున్నే. తాత పొయ్యి ముందు కూర్చుని, పళ్లెంలో పిండి కలుపుతున్నాడు. మాబున్ని పంపిన జొన్నల పిండి. సెట్టు గట్టిగా పెట్టి ఉంది. తకియాలో ఎవరికైనా అన్నీ వినపడతాయి.

"తెల్లబండ మునిగె" అన్నాడు ఓబులేసు.

కుళ్లాయప్ప కిందికి చెప్పాడు.

"విన్నా" అంది మునెమ్మ. "ఈడ శవం వస్తాంది. పాడె మోసుకుని అవతలి గట్టుకు పోవల్లంట."

"పసుపుబండ మునుగుతాంది."

చెప్పాడు.

"విన్నా."

ఎగువనుంచి మళ్లీ గొంతు. ఓబులేసుది కాదు. కుర్రగొంతు, ఆయాసపడుతోంది. మాబున్ని మనవడు బాషా.

"కుళ్లాయన్నా, మా అవ్వకు ఊపిరి అందడంల్యా. వాళ్లన్న గొంతు ఒక్కసారి వినల్లంటాంది. ఓబులేసుమామ సెట్టును ఈడ్నుంచి కదలనియ్యడంల్యా. ఇంటిదాకా తీసుకపోతే చాలు. తాతను రెండు మాటలు మాట్లాడమను."

కుళ్లాయప్ప తాత వైపు తిరిగాడు.

తాత తల ఎత్తలేదు. పిండి మీద ఆయన చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

ఎగువన ఉన్నది ఒకటే సెట్టు. అది మాబున్ని ఇంటికి పోతే బండల దగ్గర చూసే మనిషి ఉంటాడు, చెప్పే గొంతు ఉండదు. కుళ్లాయప్ప మాబున్ని మాటను అడిగాడు, సాయంత్రానికి బతికుంటావా అని. ఉండనంది. బండ మాటనూ అడిగాడు. అదీ ఉండనంది. ఇట్లాంటప్పుడు ఏం చేయాలో తాత చెప్పలేదు. ఆయన పక్కనే ఉన్నాడు, అడగొచ్చు. కుళ్లాయప్ప అడగలేదు.

మీట నొక్కాడు.

"బాషా, సెట్టు ఓబులేసుకియ్యి. ఓబులేసూ, నువ్వు వంక కాడ్నుంచి కదలద్దు. బండ చెప్పు."

"అన్నా, మా అవ్వ..."

"బండ చెప్పు."

గరగర. తర్వాత ఏడుపు లాంటిది. తర్వాత ఓబులేసు.

"ఎర్రబండ మునిగిపాయె కుళ్లాయప్పా. దాని మీద మోకాటి లోతు పోతాంది."

"మునెమ్మా, గొలుసు."

జవాబు లేదు. అతను మళ్లీ అన్నాడు. సెట్టులో మనుషుల అరుపులు వినిపించాయి. ఎవరో మునెమ్మను తిడుతున్నారు. ఎండ పడుతోంది, నీళ్లు లేవు, శవాన్ని రోడ్డు మీద ఎంతసేపు పెట్టుకోవాలి అంటున్నారు. మునెమ్మ గొంతు వాళ్లందరి మీదినుంచి వచ్చింది.

"ఆయనకిప్పుడు తొందరేముంది? దించండి."

ఆ తర్వాత చాలాసేపు సెట్టులో ఏమీ లేదు. పెనం వేడెక్కింది. తాత రొట్టె తట్టాడు, పెనం మీద వేశాడు, తడిచేత్తో నీళ్లు పూశాడు.

దిగువనుంచి మొదట హోరు వినిపించింది. మీట ఎవరో నొక్కి పట్టుకున్నట్టున్నారు. ఆ హోరులో మనిషి మాట లేదు. అది తగ్గాక మునెమ్మ మాట్లాడింది.

"గొలుసు కూడా కనపడడంల్యా. అందరూ ఈ గట్టునే ఉండారు. పాడె దించి కూర్చున్నారు." మళ్లీ మీట నొక్కింది. "విన్నా కుళ్లాయన్నా."

అన్నా అన్న ఆ పిలుపు మళ్లీ వచ్చింది. అంతలోనే ఎగువనుంచి ఓబులేసు పిలుస్తున్నాడు.

"తకియాకు మాట."

"చెప్పు."

"మాబున్నవ్వ పాయె. ఎర్రబండ చెప్తాన్నప్పుడే పోయిందంట. తలుపు తీసి పెట్టమనిందంట, సెట్టు వస్తాదని."

కుళ్లాయప్ప ఆ మాటను ఎవరికీ దించనక్కర్లేదు. వినవలసినవాడు అతని వెనకే కూర్చుని ఉన్నాడు. అతను సెట్టును కింద పెట్టాడు. వెనక్కి తిరిగాడు.

పెనం మీద రొట్టె పొంగి ఉంది. ఒక పక్క మాడింది. తాత దాన్ని అంతకుముందే తీయవలసింది.

"తాతా, నేను..."

తాత రొట్టెను పెనం మీదినుంచి చేత్తోనే తీశాడు. తెచ్చి అతని ముందు పెట్టాడు. పిండి అంటిన వేళ్లతో రొట్టెను ఒకసారి తాకి చూశాడు.

"వేడి మీద తిను."

కుళ్లాయప్ప తుంచాడు. చెయ్యి కాలింది. వదల్లేదు.